మలేరి ఎర్రమట్టిలో ఎవరి పేర్లు?

మా ప్రాంతపు మట్టిలో డైనోసార్ దొరకదు. సూర్యాపేటలో బావి తవ్వినా, మిర్యాలగూడలో బోరు వేసినా, కోదాడ దగ్గర రోడ్డు కోసం గుట్టను పేల్చినా బయటపడేది గ్రానైటూ, దాని చుట్టరికపు రాళ్లూ. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కృష్ణ వైపు దిగితే వాడపల్లి, మేళ్లచెరువు చుట్టుపక్కల సున్నపురాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాన్ని నమ్ముకునే వచ్చాయి. అదీ లోకంలో ఎముక అనేది పుట్టకముందు నీళ్ల అడుగున పేరుకున్న రాయే. డైనోసార్లు పుట్టి, పెరిగి, అంతరించిన కాలమంతా, అంటే సుమారు 23 కోట్ల ఏళ్ల కిందటి నుంచి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి దాకా, మా నేల వాటి గురించి ఏమీ దాచుకోలేదు. ఎండకు పగిలింది, వానకు అరిగింది, అంతే.

అలాగని ఆ జంతువులు ఇక్కడ తిరగలేదని ఎవరూ అనరు. వాటిని కప్పి కాపాడే ఇసుక, ఒండ్రు ఇక్కడ మిగల్లేదు. బతకడం వేరు, సాక్ష్యం మిగలడం వేరు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన దాన్ని కాబట్టి ఈ తేడా నాకు రాళ్ల కంటే ముందు మనుషుల విషయంలో తెలిసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో మా సూర్యాపేట తాలూకా ఆడవాళ్లు అన్నం దాచిపెట్టారు, ఉత్తరాలు మోశారు, తుపాకీ పట్టారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ల మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసేదాకా వాళ్లలో చాలామంది పేర్లు అచ్చులో కనిపించలేదు. పేరు లేకపోయినంత మాత్రాన వాళ్లు లేనట్టా? కాదు. వాళ్లమీద పడవలసిన ఒండ్రు పడలేదు.

డైనోసార్ల సాక్ష్యం మిగిలిన చోటు మనకు దూరమేమీ కాదు, మన ఉత్తరానే ఉంది. ప్రాణహిత-గోదావరి లోయ. పాత ఆదిలాబాద్ జిల్లా నుంచి ఖమ్మం వైపు ఏటవాలుగా సాగే పొడవాటి పల్లం అది. చుట్టూ ఉన్న పాత రాతినేలల్ని కోసుకుంటూ నదులు కోట్ల సంవత్సరాలపాటు ఇసుకనీ బురదనీ తెచ్చి అందులో పోశాయి. కింద సింగరేణి బొగ్గు. దానికి చాలా పైన మలేరి ఎర్రమట్టి. ఆపైన ధర్మారం పొర. దానిమీద కోట పొర. మలేరి, ధర్మారం, కోట, మూడూ ఊళ్ల పేర్లే. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివేవాళ్లైనా ఈ ఊళ్ల పేర్లు పలకాల్సిందే. ఆ మాటకొస్తే దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న ఆ మహా భూభాగానికి శాస్త్రవేత్తలు పెట్టిన గోండ్వానా అన్న పేరు గోండుల నుంచి వచ్చిందే. భూమి హక్కు కోసం కొమురం భీం ప్రాణం పెట్టిన నేల అది. గోండుల పేరు ఖండానికి ఎక్కింది, కాళ్ల కింది భూమికి పట్టా కోసం మాత్రం వాళ్లు తరతరాలుగా కొట్లాడుతూనే వచ్చారు.

మలేరి మట్టి పేరుకుంటున్న కాలానికి భూమి మీది ఖండాలన్నీ ఒకటే ముద్ద. మన నేలకు ఒక పక్క ఆఫ్రికా, మడగాస్కర్, ఇంకో పక్క అంటార్కిటికా, ఆస్ట్రేలియా అతుక్కుని ఉండేవి. గడ్డి లేదు, పువ్వు లేదు, పిట్ట లేదు. ఫెర్నులు, సూదుల ఆకుల చెట్లు, వాటి మధ్య పారే నదులు. కొన్నాళ్లు విపరీతమైన వాన, కొన్నాళ్లు మట్టి ఎర్రగా తుప్పుపట్టేంత ఎండ. నీళ్లలో ఊపిరితిత్తుల చేపలు. బురదలో, బల్లపరుపు తలతో నోరు తెరుచుకుని కాచుకునే పాంథసారస్ అనే ఉభయచరం. ఒడ్డున మొసలిని పోలిన పారాసుకస్, దాని ముక్కురంధ్రాలు మూతి చివర కాకుండా కళ్లకు దగ్గరగా ఉండేవి. చిలక ముక్కులాంటి మూతితో మొక్కల్ని కొరుక్కుతినే హైపరోడపెడాన్ మందలు. డైనోసార్లు ఈ సంతలో మూలన నిలబడ్డ కొత్త చుట్టాలు. సినిమాల్లో చూపించినట్టు అప్పుడు అవి ఏలికలు కావు. 1987లో శంకర్ ఛటర్జీ ప్రకటించిన చిన్న డైనోసార్ అల్వాకేరియా ఈ కిందిపొరలదే, దాని వయసు సుమారు 23 కోట్ల ఏళ్లు. దానికి మొదట వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక సూక్ష్మ సముద్రజీవికి ఉందని తేలడంతో 1994లో మార్చారు. శాస్త్రంలో పేరు శిలాశాసనం కాదన్నమాట. పొరపాటుంటే దిద్దుకోవచ్చు.

ఇప్పుడు వేటగాడి దగ్గరికి వద్దాం. 2025లో మలేరిరాప్టర్ కుట్టీ అనే కొత్త డైనోసార్‌ను శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎగువ మలేరి పొరలో దొరికిన ఇది సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి మాంసాహారి. రెండు కాళ్ల మీద నడిచే హెర్రెరాసార్ల కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో బాగా తెలిసిన హెర్రెరాసారస్ అర్జెంటీనాలో దొరికింది. దాని ఎముకల్ని చూపించిన విక్టోరినో హెర్రెరా అనే మేకల కాపరి పేరే దానికి పెట్టారు. మన మలేరిరాప్టర్ దానికంటే కోటి ఏళ్లు చిన్నది. దక్షిణ అమెరికాలోని పాత చుట్టాలకూ, ఉత్తర అమెరికాలోని తర్వాతి చుట్టాలకూ మధ్య ఉన్న ఖాళీని ఇది కొంత పూడ్చింది. అంతేకాదు, హైపరోడపెడాన్ మందలు నశించిన తర్వాత కూడా ఈ వేట జంతువులు మన వైపు బతికే ఉన్నాయని చెప్పింది.

దీని గురించి చదువుతున్నప్పుడు నన్ను ఆపిన సంగతి ఒకటుంది. ఈ జంతువు పుర్రె దొరకలేదు. ఒక్క పన్ను లేదు, ఒక్క గోరు లేదు. దొరికినవి కటి ఎముకలు, నడుము దగ్గరి, తోకలోని వెన్నుపూసలు. కాలు ఎక్కడ అతుక్కుంది, కండ ఎక్కడ పట్టుకుంది, ఎముక ఏ వంపు తిరిగింది అని పోల్చి పోల్చి దాని కుటుంబాన్ని తేల్చారు. వేటంటే కోరా, పంజా అనుకునే మనకు ఇది వింతే. నడుము చూసి బతుకును చదవడం మాత్రం మనకు కొత్తకాదు. సాగర్ ఎడమకాలువ కింద నలభై ఏళ్లు నాట్లు వేసిన ఆడమనిషి నడక చూస్తే చాలు, ఆమె ఏం చేసి బతికిందో మిర్యాలగూడలో ఎవరైనా చెప్తారు.

ఇందాక 'వేటగాడు' అని రాశాను. కావాలనే రాశాను. పిల్లల పుస్తకాల్లో, టీవీల్లో మాంసం తినే డైనోసార్ ఎప్పుడూ మగదే. ఇంగ్లీషు గొంతు దాన్ని 'అతడు' అంటుంది. గుడ్ల పక్కన కూర్చున్నదైతే 'ఆమె' అవుతుంది. దొరికిన నడుము ఎముకలు మాత్రం ఆడదో మగదో చెప్పలేదు. మన భాషలో ఇంకో చిత్రం ఉంది. మన వ్యాకరణం మగవాళ్లను మహత్తులో పెట్టి, ఏకవచనంలో ఆడవాళ్లకు జంతువులతో, వస్తువులతో కలిపి ఒకే క్రియ ఇచ్చింది. 'అతడు వేటాడాడు', 'ఆమె వేటాడింది', 'డైనోసార్ వేటాడింది'. బడిలో ఇది నేర్చుకున్నప్పుడు అవమానంగా అనిపించేది. మలేరిరాప్టర్ గురించి తెలుగులో చెప్పబోతే అదే వ్యాకరణం ఇంగ్లీషు చేసిన పని చెయ్యకుండా నన్ను ఆపింది. మనకు 'వేటాడాడు' అనే దారే లేదు. మనల్ని తక్కువ చెయ్యడానికి గీసిన గీత ఒక్కోసారి నిజానికి దగ్గరగా ఉండి ఊరుకుంటుంది.

ఇక పేర్ల సంగతి. మలేరిరాప్టర్ పేరులో ఊరుంది, కుట్టీ ఉన్నాడు. టి.ఎస్. కుట్టీ ఈ లోయ పొరల్ని వరుస పెట్టి అర్థం చేసుకున్నవాళ్లలో ముఖ్యుడు, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేశాడు. గణాంక సంస్థకు డైనోసార్లతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ సంస్థను స్థాపించిన పి.సి. మహలనోబిస్‌కు శాస్త్రాల మధ్య గోడలంటే గిట్టదు. భూగర్భ శాస్త్ర విభాగం మొదలుపెట్టాలనుకున్నప్పుడు 1957లో ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పిలిపించింది ఒక స్త్రీని. పమేలా లాంప్లూ రాబిన్సన్.

ఆమె 1919లో పుట్టింది. వైద్యం చదవాలని జర్మనీ వెళ్లింది, యుద్ధం ఆ చదువును తెంపేసింది. యుద్ధకాలంలో ఇంగ్లండులో ఆయుధ కర్మాగారంలో పనిచేసింది. తర్వాత లండన్ జియలాజికల్ సొసైటీలో లైబ్రేరియన్. ఇతరులు రాసిన పుస్తకాలు సర్దే ఉద్యోగం నుంచి లేచి 1947లో మళ్లీ విద్యార్థిని అయింది. పదేళ్లకల్లా గోదావరి లోయ ఆమె పరిశోధన క్షేత్రం. సోహన్‌లాల్ జైన్, తపన్ రాయ్‌చౌధురి, కుట్టీ, ఛటర్జీ వంటి వాళ్లు అక్కడ ఎదిగింది ఆమె వేసిన బాటలోనే. ఆ తవ్వకాల్లోనే కోట పొర నుంచి బరపాసారస్ అనే భారీ శాకాహారి బయటికొచ్చింది. బెంగాలీలో 'బర పా' అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి దానికి టాగోరీ అని జతచేశారు. ఆనాటి ఖండాల మీద విపరీతమైన రుతుపవనాలు వీచేవని, జీవుల విస్తరణను వాటితో కలిపి చూడాలని 1970ల తొలినాళ్లలో వాదించిన వాళ్లలో రాబిన్సన్ ఒకరు. మన ఎర్రమట్టిలోని ఎండావానల్ని ఆమె అలా ప్రపంచ పటం మీద పెట్టింది.

1980లో ఛటర్జీ మలేరిలో దొరికిన ఒక సన్నటి సరీసృపానికి మలేరిసారస్ రాబిన్సొనే అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ చివరి అచ్చు స్త్రీని సూచిస్తుంది. ఆ జంతువు అస్థిపంజరాలు దొరికిన చోటు వింటే నవ్వూ వస్తుంది, ఇంకోటీ వస్తుంది. రెండు పారాసుకస్‌ల పొట్టల్లో. మింగిన దాని కడుపులోనే అది భద్రంగా మిగిలింది. తర్వాత 2007లో ధర్మారం పొరలోని ఒక పెద్ద శాకాహారికి లాంప్లూసౌరా ధర్మారమెన్సిస్ అని పేరొచ్చింది. మామూలుగా వినే 'సారస్' కాదు, 'సౌరా'. గ్రీకులో బల్లి అన్న మాటకు స్త్రీలింగ రూపం. అప్పటికి రాబిన్సన్ చనిపోయి పదమూడేళ్లు. ఇంటిపేరు కాకుండా ఆమె నడిమి పేరు, దాని పక్కన మన ఊరి పేరు. మాంచెస్టర్‌లో పుట్టిన స్త్రీ, గోదావరి గట్టు ధర్మారం, ఒకే పేరులో శాశ్వతంగా కలిసి ఉండిపోయాయి.

ఆడవాళ్లు తమ పేరు రాతిమీద పెట్టుకోవడం సూర్యాపేటకు కొత్తేమీ కాదని ఇక్కడ గుర్తుచెయ్యాలి. ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రి ఉంది. అక్కడ రేచర్ల నామిరెడ్డి కట్టించిన గుడి నామేశ్వరం. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన గుడి ఎరకేశ్వరం. దేవుడికి భర్త పేరో, మామ పేరో కాదు, తన పేరే పెట్టుకుంది. ఆమెకు అధికారం ఉంది, సంపద ఉంది కాబట్టి పెట్టుకోగలిగింది. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లతో గుళ్లు లేవు. స్త్రీ పేరు దొరికింది కదా అని సంబరపడే ముందు, ఏ స్త్రీ పేరు దొరికింది అని కూడా మనం అడగాలి. రాబిన్సన్ విషయంలోనూ అంతే. ఆమె తెల్లజాతి మనిషి, విశ్వవిద్యాలయపు మనిషి. ఆ దారి ఆమెకు సులువుగా దొరకలేదు, నిజమే. కానీ ఆ లోయలో పుట్టిన ఆడపిల్లకు ఆమాత్రం దారి కూడా లేదు.

దారి మాట వచ్చింది కాబట్టి ఒక అమ్మాయి గురించి చెప్తాను. ఇరవై ఏళ్ల కిందట మిర్యాలగూడ వైపు నుంచి బస్సులో మా కాలేజీకి వచ్చేది. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూసి వచ్చింది. యమనపల్లిలో దొరికిన ఎముకలతో నిలబెట్టింది అది, ఊరి పేరే దాని జాతి పేరు. "మేడం, అది మన తెలంగాణదేనట, తెలుసా?" అని క్లాసులో అందరికీ చెప్పింది. డిగ్రీ అయ్యాక జియాలజీ చదువుతానంది. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. "రాళ్లేరుకునే సదువు ఆడివిల్లకెందుకు మేడం? అడవిల క్యాంపులంటే ఎవరన్న తోల్తరా? రేపు పెండ్లోళ్లు అడిగితే ఏం జెప్పాలె?" ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాను. టీ ఇచ్చారు, మర్యాదగా విన్నారు. "చదివినా గనుల్ల ఆడోళ్లను దిగనియ్యరు గద మేడం" అన్నాడాయన.

ఆయన మాటలో అబద్ధం లేదు. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూమి లోపలి గనుల్లో పనికి పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2019లోగాని కేంద్రం దాన్ని సడలించలేదు. అదీ పగటివేళ, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు, రాతపూర్వకంగా సమ్మతి తీసుకునే. మనం ఆ శాస్త్రానికి పెట్టుకున్న పేరేమో భూగర్భ శాస్త్రం. గర్భం మాట మనదట, అందులోకి దిగే హక్కు మాత్రం కాదట. అరవై ఏడేళ్లపాటు ఒక చట్టం చెప్పిన మాట గనుల దగ్గరే ఆగిపోలేదు. మిర్యాలగూడ దగ్గరి ఒక ఇంట్లో టీ గ్లాసుల మధ్య కూర్చుని ఒక చదువును ఆపేసింది. ఆ అమ్మాయి బి.ఇడి. చేసింది. ఇప్పుడు కోదాడ దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్తోంది. మలేరిరాప్టర్ వార్త ముందు నాకు చెప్పింది ఆమే, ఫోనులో. గొంతులో సంతోషం ఉంది. దానికింద ఇంకేదో కూడా ఉంది, దాన్ని మేమిద్దరం కదపలేదు.

ఈ వ్యాసంలో వచ్చిన డైనోసార్లకు మరో మూడు కలపాలి. నంబాలియా, జక్లాపల్లిసారస్, ప్రధానియా. మొదటి రెండింటిలో నంబాల, జక్లాపల్లి ఊళ్లున్నాయి. మూడోది, 2007లో పేరు పెట్టినది, గణాంక సంస్థ కోసం శిలాజాలు సేకరించిన ధుయ్యా ప్రధాన్ పేరు. ప్రొఫెసర్ కాదు, ఎండలో నడిచి ఎముకల్ని వెతికిన మనిషి. అర్జెంటీనా మేకల కాపరి లాగే ఆయనా జాతి పేరయ్యాడు. అంటే శాస్త్రానికి తలుచుకుంటే కష్టజీవి పేరు పెట్టడం చేతనవును. మొత్తం ఎనిమిది డైనోసార్లు. వాటి పేర్లలో ఊళ్లున్నాయి, కవి ఉన్నాడు, శాస్త్రవేత్తలున్నారు, సేకర్త ఉన్నాడు, ఒక ఇంగ్లీషు స్త్రీ ఉంది. మన వైపు ఆడమనిషి లేదు.

కాని లెక్క ఇక్కడితో ముగియలేదు. మలేరిరాప్టర్ ఎముకలు 2025లో తవ్వి తీసినవి కావు. 2011లో నంబాలియాకు, జక్లాపల్లిసారస్‌కు పేర్లు పెట్టిన పరిశోధనలోనే ఇవీ ఉన్నాయి. సొంత పేరు రావడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. ఎవరో పెట్టె మళ్లీ తెరిచారు, మళ్లీ పోల్చారు. అరవయ్యేళ్ల కిందట తవ్విన బరపాసారస్ ఎముకలన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ వర్ణించిన పత్రం 2010లో వచ్చింది. దాన్ని రాసిన నలుగురిలో మొదటి పేరు శాశ్వతీ బందోపాధ్యాయ్. సంఘమిత్రా రే ఇంకో పేరు. పాంథసారస్‌కు ఆ పేరు పెట్టిన ఇద్దరిలో ఒకరు సంయుక్తా చక్రవర్తి. పేరు పెట్టించుకునే చోటు నుంచి పేరు పెట్టే చోటికి ఆడవాళ్లు వచ్చారు. తవ్వకం సగం పని. తవ్వినదాన్ని ఎవరు మళ్లీ చూస్తారన్నది మిగతా సగం. మన పోరాట చరిత్రలోనూ ఇదే జరిగింది. ఆ తల్లులు ఎక్కడికీ పోలేదు, ముప్పై అయిదేళ్లుగా ఇళ్లలోనే ఉన్నారు. వెళ్లి అడిగినవాళ్లు కావలసివచ్చారు.

మన విశ్వవిద్యాలయాల్లో తెలుగులో రాసే స్త్రీలున్నారు, చరిత్ర చదివిన స్త్రీలున్నారు, భూగర్భ శాస్త్రం చదువుతున్న అమ్మాయిలూ ఉన్నారు. వీళ్లు ఒకరినొకరు ఎరగరు. మలేరికి, నంబాలకు, ధర్మారానికి వెళ్లి, ఆ ఊళ్ల ఆడవాళ్లు ఆ ఎర్రమట్టి గురించీ, జీపుల్లో వచ్చి రాళ్లు తీసుకెళ్లిన వాళ్ల గురించీ ఏం చెప్పుకుంటారో రాసే పని ఇంకా మిగిలి ఉంది. అది వాళ్ల నోట్లో ఉన్నంతకాలమే దొరుకుతుంది. ఎముకలకైతే తొందరలేదు, అవి 22 కోట్ల ఏళ్లు ఆగాయి. ఆ ఊళ్లలో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వలకు అంత వ్యవధి లేదు.